చేతులు కట్టుకుని దిగే చోటు

చేతులమ్మ అన్న పేరు ఆమెకు ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాడికి దండం పెట్టాలి. మనుషుల్ని నీళ్ళలోకి దింపే ముందూ, దింపాకా, బయటికి లాగాకా కూడా ఆమె నోట వచ్చే మొదటి మాట ‘చేతులు!’. ఏరు వచ్చి సముద్రంలో కలిసేచోట, మొగ దాటి కాస్త ముందుకు పోతే, నీటి అడుగున పగడపు దిబ్బ ఉంది. అదంతా రక్షిత ప్రాంతం. అక్కడ లంగరు వెయ్యకూడదు, కత్తి పట్టుకెళ్ళకూడదు, ఆఖరికి చేతికి గ్లవ్స్ కూడా తొడుక్కోకూడదు. గ్లవ్స్ ఎందుకొద్దో చాలామంది బుర్రకెక్కదు. చేతికి తొడుగుంటే మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది, ధైర్యం వచ్చాక కనబడినదల్లా పట్టుకుంటాడు. పగడం ప్రాణమున్నది. అందుకని అక్కడ దిగినవాళ్ళు బుద్ధిగా చేతులు కట్టుకుని ఈదాలి.

ఎవర్ని దింపాలి, ఎవర్ని దింపకూడదు అన్న పెత్తనం గైడుది. ఆ దిబ్బకున్న గైడు చేతులమ్మ ఒక్కతే. ఇక వచ్చేవాళ్ళ సంగతి చెప్పాలంటే నోరు పాడవుతుంది. మెడలో కెమెరా వేలాడేసుకుని సముద్రం తమ ఫొటో కోసమే పుట్టిందనుకునే వాళ్ళు, ఫోనులో వీడియోలు చూసి ‘మాకన్నీ తెలుసండీ’ అనే వాళ్ళు, కొత్తగా పెళ్ళయి ఒకర్నొకరు వదల్లేక నీళ్ళలో కూడా చెయ్యీ చెయ్యీ పట్టుకుంటామనే వాళ్ళు. ఒక్కొక్కర్ని చూస్తుంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

వాళ్ళందర్నీ ఆమె తన ఇంట్లో బల్ల ముందు కూర్చోబెట్టేది. వంటగదిని ఆనుకుని ఉన్న గది అది. గోడకు ఆరీ ఆరని రబ్బరు సూట్లు వేలాడుతుంటాయి, మూలన సిలిండర్లు నిలబడి ఉంటాయి, కిటికీలో మాస్కులు ఎండుతుంటాయి. బల్ల మీద ఒక నీలం తువ్వాలు పరిచేది, అది ఏరు. బోర్లించిన పళ్ళెం దిబ్బ. ఉప్పు డబ్బా ఏమో నీటి మీద తేలే బోయా, పడవను కట్టేసేది దానికే. చెంచా పడవ.

“ఇదిగో, పోటు ఎక్కుతున్నంతసేపూ సముద్రం నుంచి తేట నీళ్ళు లోపలికొస్తాయి,” అని తువ్వాలు మీద వేలు నడిపించేది. “పోటు నిండాక నీళ్ళు కాసేపు కదలకుండా నిలబడతాయి. ఆ కాసేపే మనది. దిగడం, చూడడం, ఎక్కడం అన్నీ అందులోనే అయిపోవాలి. నీళ్ళు వెనక్కి తిరిగాయా, ఏటి బురదంతా వచ్చి మొహాన కొడుతుంది. మిమ్మల్ని కూడా లాక్కుపోతుంది. నాకేం, పీడా పోయిందనుకుంటా.”

ఇదంతా డైవ్ ప్లాను చెప్పడమే అనుకునేవాళ్ళు వచ్చినవాళ్ళు. పాపం, అసలు పరీక్ష అదేనని వాళ్ళకేం తెలుసు! ఆమె చెబుతుంటే ఒకాయన పళ్ళేన్ని కొంచెం పక్కకు జరిపి సర్దేవాడు. ఒకావిడ చెంచాను ఊరికే అటూ ఇటూ తిప్పేది. ఒక మహానుభావుడైతే ఉప్పు డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూశాడు. బల్ల మీదున్న దాని మీద చెయ్యి పడిందా, అంతే, వాళ్ళ డైవ్ అక్కడితో సరి. “ఉప్పు డబ్బానే వదల్లేనివాడు పగడాన్ని వదులుతాడా? వెళ్ళి ఒడ్డున ఇసుకలో ఆడుకోండి” అని పంపించేసేది. ఏదో పెద్ద అధికారిగారి బావమరిదిని కూడా అలాగే పంపించింది. ఆయన గుమ్మంలో నిలబడి గొంతు చించుకుంటే, ఈమె లోపల ఉల్లిపాయలు తరుక్కుంది.

అలాంటి బల్ల ముందుకు ఒకనాడు సొంత అన్నయ్య వచ్చి కూర్చున్నాడు, పక్కన వదిన.

అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు లేవు. చేతులమ్మకు నీళ్ళలో ఊపిరి తీయడం నేర్పింది ఈ అన్నయ్యే. తర్వాత అతను ఓ పెద్ద పడవ కొన్నాడు, మైకు పెట్టాడు, పాటలు పెట్టాడు, వందలాది జనాన్ని ఎక్కించాడు. దిబ్బను ఇంకా రక్షిత ప్రాంతం చెయ్యని రోజులు. ఒకసారి తిన్నగా దిబ్బ భుజం మీదే లంగరు దింపాడు. పడవ గాలికి జరిగింది, లంగరు దిబ్బను ఈడ్చుకుంటూ పోయింది. ఒక గదంత మేర పగడం పిండయింది. అప్పుడు కిందే ఉన్న చెల్లెలు విరిగిన ముక్కలు రెండు చేతులా పట్టుకుని పైకొచ్చి, జనం ముందు కేకలు పెట్టింది. అన్నయ్య రెయిలింగు మీంచి వంగి, “రాళ్ళ కోసం ఏడుస్తావేంటే?” అన్నాడు. పడవంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి ఈనాటికీ పోలేదు.

ఇప్పుడు అదే మనిషి తగుదునమ్మా అని వచ్చి, “నన్నోసారి దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళవే,” అంటున్నాడు.

“ఎందుకు? మిగిలింది కూడా పిండి చేద్దామనా?”

“ఊరికే, చూద్దామని.”

“చూడడానికి అక్కడ నీ పెద్ద పడవలో లాగా పాటలుండవు మరి.”

అన్నయ్య తల ఊపాడు. మాట పడని మనిషి మాట పడ్డాడంటే ఏదో పెద్ద అవసరమే ఉందనుకుంది ఆమె. అవసరం ఉందని తెలిశాక ఏడిపించకుండా వదిలేంత మంచితనం ఆమెకు లేదు. తువ్వాలు పరిచింది, పళ్ళెం బోర్లించింది, టీ కప్పు తెచ్చి అతని పక్కన పెట్టింది. పోటు గురించి మొదలుపెట్టింది. చిన్నప్పుడు అతను తనకు చెప్పిన పాఠమే తిరిగి అతనికి అప్పగిస్తుంటే ఒళ్ళంతా హాయిగా ఉంది.

అన్నయ్య వింటూ వింటూ కప్పు కోసం చెయ్యి చాచాడు. కప్పు అందలేదు. వేళ్ళు బల్ల మీద తడుముకుంటూ పోయి పళ్ళెం అంచు మీద పడ్డాయి, ఉప్పు డబ్బా దొర్లింది.

“పెట్టావుగా చెయ్యి!” చేతులమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. “పెడతావని తెలుసు. ఇక్కడ కూడా దిబ్బ మీదే పెట్టావు చూడు! నీ చెయ్యి ఊరుకోదన్నయ్యా, నీది పుట్టుకే అంత. డైవ్ లేదు, గీవ్ లేదు. టీ తాగేసి దయచెయ్యి.”

అన్నయ్య మొహం మాడిపోయింది. “సరేలే,” అని లేచాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మాన్ని భుజంతో ఢీకొట్టాడు. ఉడుకుమోత్తనం చూడు, తలుపు మీద చూపిస్తున్నాడు అనుకుంది చెల్లెలు.

వదిన మాత్రం లేవలేదు. దొర్లిన డబ్బాను నిలబెట్టి, “కోపం కాదమ్మాయ్,” అంది మెల్లగా. “మీ అన్నయ్యకి గుమ్మం కనబడలేదు. చూపు చుట్టూతా మూసుకొస్తోంది. ఎదురుగా ఉన్నదొక్కటే, గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. అది కూడా ఎన్నాళ్ళో ఉండదన్నారు. నీళ్ళలో దిగొచ్చా అని అడిగితే డాక్టరు వద్దనలేదు, ఆలస్యం మాత్రం చెయ్యకండి అన్నాడు.”

“మరి ఆ మాట నోరు తెరిచి చెప్పొచ్చుగా?”

“నీకా! జాలి పడతావేమోనని చచ్చేంత భయం. నేను చెప్పానని తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనివ్వడు.”

వదిన వెళ్ళిపోయాక చేతులమ్మ బల్ల ముందు కూలబడింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇంతమంది చేతుల్ని కనిపెట్టిన దానికి, సొంత అన్న చెయ్యి ఎందుకు తడుముకుంటోందో తెలియలేదు. పైగా గంతులొకటి! ఇప్పుడు రమ్మని పిలిస్తే జాలి అని పసిగడతాడు, రాడు. పిలవకపోతే ఆ చూపు కాస్తా ఆరిపోతుంది. దిగేది ఉంటే ఈ పోట్లలోనే దిగాలి. తర్వాత వానలొస్తే ఏటికి ఎర్రనీళ్ళొచ్చి కళ్ళున్నవాళ్ళకే ఏమీ కనబడదు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఇంటికి వెళ్ళి, వాకిట్లోంచే అందుకుంది.

“రేపు మంచి పోటు ఉంది. నా పడవలో ఒకళ్ళు తగ్గారు, వచ్చి ఏడువు. నీలాంటి వాణ్ణి దిబ్బ మీదికి ఒంటరిగా వదిలితే నాకు బుద్ధి లేనట్టే. కింద ఉన్నంతసేపూ నా చెయ్యి నీ చేతిని పట్టుకునే ఉంటుంది, రెండో చెయ్యి నడుం దగ్గర బెల్టుకి కట్టేస్తా. నేను ఎటు తిప్పితే అటు తిరగాలి. ఇష్టమైతే రా, లేకపోతే మానెయ్.”

అన్నయ్య ఆమెను సూటిగా చూశాడు. చూడగలిగింది అలాగే కదా. “చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తున్నావేంటే?” అన్నాడు.

“చిన్నపిల్లలు నయం. చెప్తే వింటారు.”

అతని పెదవి వంకర తిరిగింది. “వస్తాలే,” అన్నాడు.

ఒకళ్ళు తగ్గడం ఏమిటి, ఆ పోటుకు అనుకున్నవాళ్ళందర్నీ ఆమే మాన్పించింది. పడవ నడిపే మొగుడు ఎందుకని అడగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే. దారి పొడుగునా ఆమె ప్లాను వేస్తూనే ఉంది. దిబ్బకు సముద్రం వైపు అంచున విసనకర్రల్లా విప్పుకున్న పగడాలున్నాయి, పసుపు చేపల గుంపులున్నాయి. అన్నీ ఎదురుగానే కనబడేలా ఎటు నుంచి తీసుకెళ్ళాలి, ఎక్కడ ఆపాలి అని లెక్క వేసుకుంది. ఆఖరిసారి చూసేది అందమైనదై ఉండాలి కదా.

పడవను బోయాకు కట్టారు. వదిన పడవలోనే ఉండిపోయింది. నీళ్ళు నిలబడగానే ఇద్దరూ దిగారు. అన్నయ్య శరీరం నీటిని మరిచిపోలేదు. చేతులమ్మ అతన్ని అంచు వైపు తిప్పింది. అతను రాలేదు. చెయ్యి గుంజి దిబ్బ భుజం వైపు లాగాడు, లంగరు పడ్డ చోటికి.

ఏ మొహం పెట్టుకుని అక్కడికి వెళ్తావు అని నీళ్ళలో అరవడానికి లేదు. నోట్లో ఊపిరి తీసే రెగ్యులేటరు ఉంది. ఆమె వెళ్ళనిచ్చింది. అన్నయ్య ఆ బూడిద రంగు పిండి మీద ఆగి, తలను మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ, మళ్ళీ వెనక్కి తిప్పుతూ వెతికాడు. పసుపు చేపలు పక్కనుంచే పోయాయి, అతనికి తెలియలేదు. నీరు కదలడం మొదలైంది. ఇక పైకి అని ఆమె సైగ చేస్తే, ఇంకొక్కసారి అన్నట్టు తల ఊపాడు. ఆమె అతని భుజాలు పట్టుకుని పైకి తిప్పింది.

పడవలో మాస్కు తీసి పక్కన పెట్టాడు అన్నయ్య. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“నాకు పక్కన ఉన్నవి కనబడవే. మీ వదిన చెప్పే ఉంటుంది, దాని నోట్లో మాట ఆగదు. నేను చూసినంత మేర అంతా చచ్చే ఉంది. నాకు కనబడని చోట, ఏ మూలనైనా, ఏదైనా మళ్ళీ మొలిచిందా?”

వదిన అతని వెనక నుంచి చేతులు జోడించింది. చేతులమ్మ మొగుడు కూడా ఇంజను వదిలేసి, మొలిచిందని చెప్పెయ్ అన్నట్టు చూశాడు. ఒక్క మాట. ఎవరు దిగి చూడొచ్చారు గనక?

“లేదు,” అంది చేతులమ్మ. “ఒక్కటీ మొలవలేదు. నేను ప్రతిసారీ చూస్తూనే ఉన్నా. మన తరంలో మొలవదు కూడా. అంత పని చేశావు నువ్వు.”

వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అన్నయ్య తల వంచుకుని కూర్చున్నాడు. అతని ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నాయి. అవి ఏ నీళ్ళో ఎవరికి తెలుసు.

“ఇంట్లో అందరూ నాకు అన్నీ బాగున్నాయనే చెప్తున్నారే,” అన్నాడు. “నా చుట్టూ మెల్లగా నడుస్తారు, మెల్లగా మాట్లాడతారు. రోగిని అడిగినట్టు అడుగుతారు. ఇవాళ నువ్వు కూడా మొలిచిందని అనుంటే, ఇక నా పని అయిపోయిందనుకునేవాణ్ణి.”

చేతులమ్మ మొహం పక్కకు తిప్పుకోబోయి, పక్కకు తిప్పుకుంటే అన్నయ్యకు కనబడదని గుర్తొచ్చి, అతని ఎదురుగానే కూర్చుంది. కళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోకుండానే మొదలుపెట్టింది. పెద్ద పడవ దగ్గర నుంచి, మైకు దగ్గర నుంచి, ఆ రోజు నవ్విన నవ్వు దగ్గర నుంచి ఒక్కటీ వదలకుండా, ఒడ్డు వచ్చేదాకా తిట్టింది. అన్నయ్య ఆమె చేతిని పట్టుకుని వింటూనే ఉన్నాడు.