సుగుణమ్మగారి విశ్రాంతి దినం

స్టవ్ ఆర్పితే వచ్చే "టిక్కు" ఏపాటి చప్పుడు? కానీ ఆ ఒక్క టిక్కుతో ఓ హాలునిండా ఉన్న జనం మధ్యాహ్న భోజనం గాల్లో కలిసిపోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, దానికి మూలపురుషుణ్ణి నేనే. అప్పుడు నేను సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక ఫ్లాటు హాల్లో నిలబడి, విశ్రాంతి దినం గురించి వాక్యం చెబుతున్నాను. నా గొంతు నాకే ముద్దొస్తోంది. సరిగ్గా అప్పుడు వంటింట్లో టిక్కుమంది.

మరుక్షణం ఆ ఇంటి ఇల్లాలు సుగుణమ్మగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముందు వరుసలో ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు.

"చెప్పండి అన్నయ్యగారూ, ఆగిపోయారేంటి?" అన్నారు.

కాస్త వెనక్కి వెళ్లి చెబుతాను. ఇక్కడ ఆదివారం పనిదినం, సెలవు శుక్రవారం. అందుకని మా ఆరాధన కూడా శుక్రవారమే. ఈ దేశంలో చర్చిలు ఉండవు కాబట్టి ప్రసాదరావుగారింట్లోనే కిటికీలు మూసుకుని, గొంతు తగ్గించి పాడుకుంటాం. తర్వాత అందరికీ అక్కడే భోజనం. వండేది వారి భార్య సుగుణమ్మగారు. ఏళ్ల తరబడి ఆవిడ వాక్యం విన్నదంతా ఎగ్జాస్ట్ ఫ్యాను మోతలోంచే. తప్పిపోయిన కుమారుడు ఆస్తి పట్టుకుని ఇల్లు వదిలాడని ఆవిడకు తెలుసు. తిరిగొచ్చాడో లేదో తెలియదు. కథ అక్కడికి వచ్చేసరికి ఆవిడ గంజి వారుస్తుంటారు మరి.

ఎప్పుడూ వాక్యం చెప్పే పెద్దాయన సెలవు మీద ఊరెళ్లారు. "మీరు పేపర్లో పనిచేశారు కదా బ్రదర్, ఈ వారం మీరు చెప్పండి," అన్నారు ప్రసాదరావుగారు. పేపర్లో పనిచేసినవాడికి తెలియని సంగతి ఏదైనా ఉందంటే అది విశ్రాంతే. నేను దాని గురించి ప్రసంగించడమంటే ఒంటె ఈత నేర్పడమే. అయినా ఒప్పుకున్నాను. నిలబడి మాట్లాడటానికి నలుగురి మధ్య చోటిస్తే కాదనే విలేకరి ఇంకా పుట్టలేదు.

"దేవుడే ఏడో రోజు పని ఆపాడు. లోకం ఆగిపోయిందా?" అని మొదలెట్టాను. "విశ్రాంతి అంటే బద్ధకం కాదు. నేను చెయ్యి తీసేసినా నడిపించేవాడు ఉన్నాడన్న నమ్మకం. ఐగుప్తులో ఇటుకలు చేసినవాళ్లకు ఒక్కరోజైనా సెలవు దొరికిందా? అందుకే వాళ్లకిచ్చిన ఆజ్ఞలో నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ పనివాడు, నీ పనికత్తె, నీ పశువులు, నీ ఇంట ఉన్న పరదేశి, అందరికీ సెలవు ఉంది. పరదేశి అంటే ఎవరు? జేబులో ఇఖామా కార్డు పెట్టుకు తిరిగే మనమే!"

గొంతు తగ్గించాలన్న సంగతి మరిచిపోయి అందరూ "ఆమేన్" అన్నారు. అక్కడ ఆగి ఉంటే నేను బాగుపడేవాణ్ణి. "ఆ రోజు ఇంట్లో నిప్పు కూడా రాజేయకూడదన్నారు!" అని ముక్తాయించాను.

టిక్కు.

ఆ తర్వాత నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. విన్నవాళ్లకూ గుర్తుండదు. అందరి ప్రాణం వంటింట్లో సగం ఉడికిన మటన్ మీదే ఉంది. చివరి ప్రార్థన కాగానే ప్రసాదరావుగారు వంగి గుసగుసలాడారు.

"సుగుణా, బిర్యానీ..."

"విశ్రాంతి దినమండీ."

"అది పూర్వం యూదులకే."

"మరి ఇంతసేపూ అన్నయ్యగారు ఎవరికి చెప్పినట్టు?"

ఎవరో హోటల్ నుంచి తెప్పిద్దామన్నారు. ఆవిడ నా వైపు తిరిగారు. "బైకు మీద తెచ్చేవాడు పరదేశి కాడా అన్నయ్యగారూ? వాడూ జాబితాలో ఉన్నాడు కదా?"

నేను వాచీ చూసుకున్నాను.

అంతలో తలుపు తట్టి రాజన్న వచ్చాడు. జగిత్యాల మనిషి, తాపీపని చేస్తాడు, కింది అంతస్తులో ఉంటాడు. హనుమంతుడి భక్తుడు. ప్రార్థనకు రాడు కానీ భోజనానికి తప్పకుండా వస్తాడు.

"అక్కా, వాసన బందయింది. గ్యాస్ అయిపోయిందా?"

"లేదు తమ్ముడూ. ఇవాళ నాకు సెలవు."

"అవునా! ఎవలిచ్చిండ్రు? వీసా ఇచ్చిన కఫీలా?"

"ఈ అన్నయ్యగారు."

రాజన్న నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మంచి పని చేసిండ్రు సారూ. మరి అన్నం ఎవలు పెడ్తరు?"

నిప్పు రాజేయకూడదని చెప్పిన నోటితోనే "అగ్గిపెట్టె ఎక్కడుందండీ?" అని అడిగాను. అక్కడున్నది లైటర్ అని కూడా తెలియని వంటవాణ్ణి నేను. ప్రసాదరావుగారు ఉల్లిపాయలు కోస్తూ ఏడ్చారు. మిగతావాళ్లు తలుపు దగ్గర నిలబడి సలహాలిచ్చారు. సుగుణమ్మగారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "గరం మసాలా ఎక్కడ?" అని కేకేస్తే, "వెతకండి, దొరుకుతుంది" అనే మాటే వచ్చింది. వాక్యం ఆవిడ అంత శ్రద్ధగా విన్నారన్నమాట.

చివరికి బిర్యానీ అనే పేరుతో ఒకటి బయటికొచ్చింది. రాజన్న ఓ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "సారూ, కంకర జర తక్కువైంది గానీ, దీంతోని స్లాబ్ పోయొచ్చు," అన్నాడు.

సుగుణమ్మగారు మాత్రం పళ్లెం ఖాళీ చేశారు. "ఉప్పు లేదు," అన్నారు. పళ్లెం పక్కన పెడుతూ, "అయినా వేడివేడిగా, కూర్చుని, అందరితో కలిసి తిన్నాను," అన్నారు. సాయంత్రం దాకా అడుగంటిన గిన్నె తోముతూ, నా ప్రసంగంలో నాకు అర్థంకాని భాగాన్ని నేనే నెమ్మదిగా అర్థం చేసుకున్నాను.

కాబట్టి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పొయ్యి మీద గిన్నె ఉండగా, నాకు వంట రాకుండా, విశ్రాంతి గురించి ఈ జన్మలో ఇక నోరెత్తను.

పెద్దాయన సెలవు నుంచి తిరిగొచ్చారు. సుగుణమ్మగారు ఆయన్ని ఒకటే అడిగారు: "కొడుకు, కూతురు, పనివాడు, పనికత్తె, ఆఖరికి పశువులు కూడా ఉన్న ఆ జాబితాలో భార్య పేరు లేదేంటండీ?" చూసి చెబుతానన్నారాయన. ఇంకా చూస్తూనే ఉన్నారు. ప్రతి శుక్రవారం వాక్యం మొదలవగానే వంటింట్లో టిక్కుమంటుంది, ఆవిడ వచ్చి ముందు వరుసలో కూర్చుంటారు.