మైలపోలు సీను దగ్గర ఆరిపోయిన తెర

ముందే ఒక మాట. ఇది చదివాక తాయెత్తులు కట్టమని, నిమ్మకాయలు తిప్పెయ్యమని నాకెవరూ సలహా ఇవ్వొద్దు. ఇవ్వాల్సినవాళ్ళు మా వాడకట్టులో ఇప్పటికే ఇచ్చేశారు. నేను దయ్యాలను నమ్మను. హాస్టల్లో అమ్మాయిలంతా భయపడి ఒకే గదిలో ముడుచుకుని పడుకున్న రోజుల్లో కూడా నా గదిలో నేనొక్కదాన్నే పడుకున్నాను. ఇప్పుడు పక్కన పాప నిద్రపోతుంటే ఇది రాస్తున్నాను, ఇప్పుడూ నమ్మడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

మాది బాన్సువాడ. బస్టాండు వెనక కిరాయి ఇల్లు. నేను, మా ఆయన శేఖర్, మా అత్తమ్మ, మా పాప చిన్ని. శేఖర్ ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. నేను కంప్యూటర్స్‌లో డిగ్రీ చేసి, చిన్ని పుట్టకముందు బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు.

చిన్ని సీసా పాలు ముట్టదు. పీక నోటి దగ్గరికి తేగానే చిగుళ్ళు బిగించి, ముఖం కమిలిపోయేదాకా ఏడుస్తుంది. రాత్రుళ్ళు నేను ఊరికే లేచి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను. అలాంటి పిల్లను రోజంతా వదిలి బోధన్ పోవడం నావల్ల అయ్యే పని కాదు. బడివాళ్ళు మాత్రం, సెలవులు అయిపోగానే వస్తారా, వేరేవాళ్ళను పెట్టుకోమంటారా అని అడుగుతున్నారు.

అప్పుడే మా బజారులో ఫొటో స్టూడియో నడిపే రమేశన్న ఒక దారి చెప్పాడు. "ఇంట్ల కూసొని పెండ్లి వీడియోలు ఎడిటింగ్ చెయ్యి చెల్లె. చేసేటోళ్ళు దొరుకుతలేరు. సిస్టం గట్టిది ఉండాలె, గంతే."

నిజామాబాద్‌లో ఒక దుకాణంలో కొత్త డెస్క్‌టాప్ చేయించుకున్నాం. వీడియో పనికి అవసరమని మంచి గ్రాఫిక్స్ కార్డు వేయించాం. తెర మీదికి బొమ్మను పంపేది ఆ కార్డే. అది లేకపోతే మా కంప్యూటర్‌లో తెర వెలగదు. శేఖర్ ఒక్క షరతు పెట్టాడు. మొదటి పెళ్ళి వీడియో సక్రమంగా చేసిస్తే ఇంట్లోనే పని. లేదంటే సిస్టం వాపసు, నేను బడికి.

సిస్టం వచ్చిన రోజు పక్కింటి సుజాతక్కను పిలిచాం. ఆమె హారతి ఇచ్చి, మానిటర్‌కు బొట్టు పెట్టింది. మా అత్తమ్మ చిన్నిని ఎత్తుకుని వంటింటి గడప దగ్గరే నిలబడింది. మామయ్య పోయినప్పటి నుంచి ఇలాంటివాటికి ఆమె అంతే దూరం. దూరంగా ఉండమని మేమెవరమూ అనలేదు. దగ్గరికి రమ్మనీ అనలేదు.

మొదటి పెళ్ళి కోటగిరి వైపు అమ్మాయిది. అబ్బాయిది మద్నూర్ వైపు. చకచకా కట్ చేసుకుంటూ మైలపోలు దాకా వచ్చాను. పెళ్ళికి ముందు అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి ముత్తయిదువలు పసుపు రాస్తారు కదా, అది. ఆడవాళ్ళు పాటలు పాడుతూ రాస్తున్నారు. ఇంతలో వాకిట్లో డప్పులు మోగాయి. అందరూ అటు పరుగెత్తారు. కెమెరా స్టాండు మీద నడుస్తూనే ఉంది.

ఫ్రేములో అమ్మాయి ఒక్కతే మిగిలింది. తలుపు పక్కనుంచి వాళ్ళమ్మ వచ్చింది. మెడలో ఏమీ లేదు, నుదుట బొట్టు లేదు. అటూ ఇటూ చూసి, గిన్నెలోంచి ఒక్క వేలితో పసుపు తీసి, వంగి, బిడ్డ పాదానికి పెట్టింది. అమ్మాయి కళ్ళు మూసుకుంది. తల్లి వేలు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

అంతకుముందే రమేశన్న ఫోన్ చేసి చెప్పి ఉన్నాడు. "చెల్లె, మైలపోలుల తల్లి పసుపు పెట్టే ముక్క ఒకటి ఉంది. అది తీసెయ్యి. పిల్ల బాబాయి మరీ మరీ చెప్పిండు. మద్నూరోళ్ళు చూస్తె లొల్లి అయితదట."

సరే అనుకున్నాను. ఆ ముక్కను ఎంచుకుని డిలీట్ నొక్కాను.

తెర మీద పచ్చవి, గులాబీవి గళ్ళు లేచాయి. ఆ వెంటనే నల్లబడింది. లోపల ఫ్యాన్లు గుక్కపట్టి తిరిగాయి. స్పీకర్లలో మాత్రం డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తే ముక్క ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.

ఇది కార్డు లోపం, అందులో నాకు అనుమానమే లేదు. గళ్ళు గళ్ళుగా వచ్చి తెర ఆరిపోవడం కార్డు జబ్బుకు మొదటి గుర్తు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి కొత్తది వేశాను. తర్వాత పాతది వేసి చూశాను. కార్డుకు కరెంటు వెళ్ళే వైరు ఊడదీసి గట్టిగా బిగించాను. తేడా లేదు. చివరికి సీపీయూ విప్పి కార్డు బయటికి తీశాను.

కార్డు ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి పొడి. పసుపూ ఉంది. సీపీయూ పైభాగం గాలి కోసం జల్లెడలా ఉంటుంది. ఎవరో సరిగ్గా దాని మీద పసుపు, కుంకుమ పెట్టారు. సుజాతక్క బొట్టు పెట్టింది మానిటర్‌కు.

"అత్తమ్మా, దీని మీద కుంకుమ ఎవరు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన. మీరందరు సుజాతను సాగనంప పోయినప్పుడు పెట్టిన. నీ పని మంచిగ నడవాలె అనుకున్న" అంది. తన చెయ్యి చూసుకుని, "నా చెయ్యి తగిలే ఖరాబైందా?" అంది.

"పొడి పడి ఖరాబైంది. నీ చేతికేమైంది?" అన్నాను. కసిరినట్టే అన్నాను కానీ, లోపల సంతోషంగానే ఉంది. కారణం దొరికింది. పెయింటు బ్రష్షుతో పొడి దులిపాను. కార్డు అంచున బంగారు రంగు కాంటాక్టులను రబ్బరుతో తుడిచాను. మళ్ళీ బిగించి, కార్డుకు గట్టి పరీక్ష పెట్టే సాఫ్ట్‌వేర్ మధ్యాహ్నమంతా నడిపాను. వేడెక్కలేదు, వణకలేదు. మిగతా పెళ్ళంతా కట్ చేశాను. అదే వీడియో ఫైల్‌లో ఆ ముక్కకు ముందూ వెనకా కట్ చేశాను. ఏమీ కాలేదు.

ఆ ఒక్క ముక్క డిలీట్ నొక్కాను. గళ్ళు. చీకటి. డప్పులు.

ఈ సంగతి శేఖర్ నోటి నుంచి సుజాతక్కకు, ఆమె నుంచి వాడకట్టుకు పాకింది. పసిపిల్ల ఉన్న ఇంట్లో అలాంటి పెట్టె ఎందుకన్నారు. పెళ్ళికూతురి నాయన చచ్చిపోయాడట కదా, ఆయనే అయుంటాడన్నారు. "వాపసు ఇచ్చేద్దాం కవితా, నీకు బడి ఉండనే ఉంది గదా" అని శేఖర్ మెల్లగా అన్నాడు. "ఉంది. చిన్నికి పాలు నువ్విస్తవా?" అన్నాను. నేను భయపడ్డది దయ్యానికి కాదు, బోధన్ బస్సుకు.

నిజామాబాద్ దుకాణానికి ఫోన్ చేస్తే, తెచ్చి చూపించమన్నారు. మరునాడు మిట్టమధ్యాహ్నం సిస్టం ఆపేసి, వైర్లన్నీ పీకి, కార్డు తీసి దాని డబ్బాలో పెట్టి మంచం మీద ఉంచాను. మానిటర్‌కు కరెంటు మాత్రం తీయలేదు. సీపీయూ నుంచి మానిటర్‌కు బొమ్మను తెచ్చే వైరు ఒక కొస మానిటర్‌కే ఉంది, రెండో కొస నేల మీద పడి ఉంది. చిన్ని బట్టలు సంచిలో సర్దుతున్నాను.

తల తిప్పితే మానిటర్ వెలుగుతోంది.

సిగ్నల్ లేకపోతే మానిటర్ ఒక చిన్న మాట చూపించి ఆరిపోతుందని నాకు తెలుసు. ఇది అది కాదు. తెర నిండా ఆ మైలపోలు. పీట, పసుపు గిన్నె, వంగిన తల్లి. బొమ్మ కదలడం లేదు. వేలు బిడ్డ పాదానికి ఇంకా తగల్లేదు.

వైరు ఎక్కడుందా అని చూశాను. మంచం కోడు పక్కన చిన్ని కూర్చుని ఉంది. వైరు రెండో కొస ఆమె నోట్లో, కొత్తగా మొలిచిన రెండు పళ్ళ కింద ఉంది.

ఎలా దూకానో తెలియదు. వైరు లాగేసి, పిల్లను ఎత్తుకుని, నోట్లో వేలు పెట్టి చూశాను. ఏమీ కాలేదు. తన ఆట లాక్కున్నానని ఏడుపు మొదలుపెట్టింది, అంతే. ఆ ఏడుపుకు అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. తెర ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె దగ్గరికి పోయి చూసింది.

"ఎవరు గామె?"

"పెళ్ళిపిల్ల తల్లి."

"ఏం చేస్తుంది?"

"పసుపు పెడుతుంది. అది తీసెయ్యమంటున్నరు."

మేమిద్దరం చూస్తుండగానే తెర ఆరిపోయింది.

మరునాడు నిజామాబాద్ పోయాం. పాల కోసం చిన్ని నాతో రావాల్సిందే, ఆమెను ఎత్తుకోవడానికి అత్తమ్మ వచ్చింది. శేఖర్ సీపీయూ బస్టాండు దాకా మోసుకొచ్చి, బస్సులో పెట్టి డ్యూటీకి పోయాడు. దుకాణంలో మెకానిక్ కార్డు బిగించి చాలాసేపు చూశాడు. "కార్డు పక్కా మంచిగుంది మేడం. గేమ్ ఆడి చూసిన" అన్నాడు.

"మీరు ఆట ఆడిండ్రు. ఇప్పుడు నేను పని చేస్త, చూడుండ్రి" అని, ఆ ముక్క తెరిచి డిలీట్ నొక్కాను. వాళ్ళ మానిటర్ మీద, వాళ్ళ కళ్ళ ముందు, గళ్ళు లేచి తెర నల్లబడింది. అతను తనే నొక్కి చూశాడు. అదే. సీలు తీయని కొత్త కార్డు తెచ్చి వేశాడు. అదే. అతను మెడ గోక్కున్నాడు.

"మేడం, గా ముక్క ఒక్కటి వదిలేస్తె పాయె గదా. గంత జిద్దు ఎందుకు మీకు?"

"జిద్దు నాదా, దానిదా?" అన్నాను. కొత్త కార్డు వదలకుండా తీసుకునే వచ్చాను.

తిరుగు బస్సులో చిన్ని పాలు తాగి నిద్రపోయింది. అత్తమ్మ కిటికీలోంచి చెరుకు ట్రాక్టర్లను చూస్తూ కూర్చుంది. బాన్సువాడ దగ్గరికొచ్చాక, నా వైపు తిరగకుండానే అడిగింది.

"గామె వేలు తీసేస్తెనే ఆ పిల్ల పెండ్లి అయినట్టా, కవితా?"

ఇంటికి రాగానే రమేశన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, గా ముక్క నేను తియ్య. కావాలంటె మీరే తీసేసుకోండ్రి."

"గదేంది చెల్లె, సిస్టం ఇంక బాగుకాలేదా?"

"బాగైంది. నేనే తియ్య."

"మొదటి పెండ్లికే గిట్ల ఎదురు చెప్తె, ఇంకో ఆర్డర్ ఎట్ల ఇయ్యాలె నీకు?"

ఆ మాటకు నాకు బోధన్ బస్సు కనిపించింది, బిగించిన చిగుళ్ళు కనిపించాయి. అయినా "ఇయ్యకుండ్రి" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఆ ముక్క ఉంచి వీడియో పూర్తిచేసి రమేశన్నకు పంపాను. తెర ఒక్కసారి కూడా రెప్ప కొట్టలేదు. నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. ఒక పెట్టె నాకు శభాష్ చెప్పినట్టు ప్రవర్తిస్తే నాకు నచ్చదు. దాని మాట విని నేను ఆ ముక్క ఉంచలేదు. అది బెదిరించినన్నాళ్ళూ డిలీట్ నొక్కుతూనే ఉన్నాను. ఉంచింది, బస్సులో అత్తమ్మ అడిగినదానికి నా దగ్గర జవాబు లేక.

ఆ తర్వాత రమేశన్న నుంచి మాటా పలుకూ లేదు. బడివాళ్ళకు ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. అప్పుడొక పొద్దున ఆయనే మా గుమ్మంలోకి వచ్చి, ఇంకో పెళ్ళి హార్డ్‌డిస్కు చేతిలో పెట్టాడు.

"గా ముక్క తీసిండ్రా అన్నా?" అని అడిగాను.

ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. "నా సిస్టం రిపేరుకు పోయింది చెల్లె. డిస్‌ప్లే వస్తలేదు. నువ్వు పంపింది పంపినట్టే వాళ్ళకు ఇచ్చేసిన."

"బాబాయి ఏమన్నడు?"

"చూసిండు. ఏమనలే." ఇంకేం అడుగుతానో అన్నట్టు బండి స్టార్ట్ చేశాడు.

బడికి రానని చెప్పేశాను. దసరాకు సిస్టంకు బొట్టు అత్తమ్మే పెట్టింది, సుజాతక్క చూస్తుండగానే. జల్లెడ మీద వద్దు, పక్కన పెట్టమని ఒక్కటే చెప్పాను. "నాకు ఎరుకలేదా?" అని విసుక్కుంది.

ఇన్ని నెలల్లో నాకు తెలిసిన కారణాలన్నీ వెతికాను. ఆ ముక్క దగ్గర ఫైల్ పాడై ఉండొచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండొచ్చు. రమేశన్న సిస్టం పాతది, దానంతటదే పోయి ఉండొచ్చు. వీటితో కార్డు సంగతి ఎలాగో సర్దిచెప్పుకోగలను. ఆ మధ్యాహ్నం సంగతి సర్దిచెప్పుకోలేను. కార్డు డబ్బాలో ఉంది, సీపీయూకు కరెంటు లేదు, అత్తమ్మ నా పక్కనే నిలబడి చూసింది. దయ్యమని మాత్రం అనను. ఎలా జరిగిందో నాకు తెలియదు, అంతవరకే అంటాను.

మానిటర్‌కు ఇప్పటికీ ఆ వైరే వాడుతున్నాను. కొత్తది కొందామని శేఖర్ అంటే వద్దన్నాను. దాని కొసన చిన్ని పళ్ళ గాట్లు రెండు అలాగే ఉన్నాయి.