రైలు హోటల్లో పులి

ఆ రోజుల్లో చరిత్ర గోడల మీద ఉండేది కాదు, చూసినవాళ్ల నోట్లో ఉండేది. ఇప్పుడు దానికి రంగులేసి, చట్రం బిగించి, మేకు కొట్టి తగిలిస్తున్నారు. రాష్ట్రం వచ్చాక మా పాలమూరు వైపు స్టేషన్ పక్కనున్న పాత రైలు హోటల్‌కు సున్నాలేసి మళ్లీ తెరిచారు. మనవరాలు తీసుకుపోతే అక్కడి భోజనాల హాల్లో బోర్డు చదివాను. నిజాం కాలంలో ఆ హాల్లోకి పులి వస్తే, ఒక రైల్వే సాబు ఒక్క గుండుతో పడగొట్టాడట!

పులి! అది మా బొల్లి పొట్టేలు. నిజాం కాలమూ కాదు, ఆయన గద్దె దిగి అప్పటికే ఏండ్లయింది. ఆనాడు బుధవారం (బోర్డులో వారమే లేదు). బాపూ నేనూ గొర్లను అంగడికి తోలుకుపోతుంటే రైలు కూత పెట్టింది. బెదిరిన పొట్టేలు హోటల్లోకి ఉరికి, నిలువుటద్దంలో ఇంకో పొట్టేలును చూసింది. ఊరుకుంటుందా? ఒక్క కుమ్ము కుమ్మితే అద్దం భళ్లుమంది. అన్నం తింటున్న సాబు బల్లెక్కాడు. ఆయన చేతిలో ఉన్నది తుపాకి కాదు, చెంచా. నేను కొమ్ములు పట్టి గుంజుతుంటే, బాపు గడప బయటే నిలబడి (గొర్లకాపరని ఆయన్ను లోపలికి రానిచ్చేవాళ్లు కాదు) "నీ కాల్మొక్త సాబ్, జర దిగుండ్రి, అది గడ్డి తప్ప ఏం తినది" అని బతిమాలాడు. పగిలిన అద్దానికి బదులు ఎండాకాలమంతా ఆ హోటల్‌కు కావడితో నీళ్లు మోశాడు. ఆ ముచ్చట ఏ గోడ మీదా లేదు.

అది పులి కాదు పొట్టేలని, బాపు పేరుతో సహా చెప్పి మేనేజరు పిల్లగాడిని నిలదీశాను.

"పొట్టేలంటే ఎవరొస్తరు అవ్వా? పులి అంటేనే రూములు నిండుతయి."

"మరి మా బాపు మోసిన నీళ్లు?"

"ఫికర్ జెయ్యకు, ఆ ముచ్చట గూడ కలుపుత."

కలిపాడు, మహానుభావుడు! మళ్లీ పోయేసరికి కొత్త బోర్డు. పన్నెండేండ్ల గొల్ల పిల్ల పులి చెవులు పట్టి ఆపిందట. సాబు మెచ్చి, ఆమె తండ్రికి హోటల్లో కొలువిచ్చాడట. కింద పెద్ద అక్షరాల్లో బాపు పేరు. చెంచా ముచ్చట చెప్పి కడిగేద్దామని లేచాను. కానీ గడప దాటనియ్యని హాల్లో, నడిమి గోడ మీద, బాపు పేరు.

నన్ను చూసి పిల్లగాడు బెదిరాడు. "మల్లేమైంది అవ్వా? పులిని తీసెయ్యాల్నా?"

"ఉండనియ్యి బిడ్డా," అన్నాను. "గానీ నాకప్పుడు పన్నెండేండ్లు గాదు, తొమ్మిది. గదొక్కటి సక్కగ రాయి."