క్లచ్చత్త వారంటీ వాపసు

మా మేనత్త కారు నడపడం నేర్పుతుంది. పదహారేళ్లుగా ఆమె కూర్చునేది డ్రైవరు పక్క సీట్లోనే. అక్కడ ఆమె కాళ్లకంటూ విడిగా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. రోజంతా "క్లచ్చు మెల్లగా" అని అరిచి అరిచి ఇంట్లోనూ అదే మాట. మా నాన్న గబగబా భోంచేస్తుంటే "క్లచ్చు మెల్లగా, అన్నయ్యా" అంటుంది. పిల్లలమంతా ఆమెను క్లచ్చత్త అంటాం, ఎదురుగానే.

ఎనిమిది నెలల కిందట ఆమె ఒక షోరూములో మూడేళ్లు వాడిన కారు కొంది. ఇంకో రెండేళ్లు ఏ భాగం చెడినా ఉచితంగా బాగుచేస్తామంటే, ఎక్స్‌టెండెడ్ వారంటీకి కూడా డబ్బు కట్టింది. కిందటి వారం రెండో గేరు పడటం మానేసింది. గేర్‌బాక్స్ మార్చాలన్నారు. అత్త బెదరలేదు, వారంటీ ఉందిగా! నాలుగో రోజున వారంటీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: డ్రైవింగ్ శిక్షణకు వాడే కార్లకు వారంటీ వర్తించదట.

పదకొండు మంది నేర్చుకునేవాళ్లు ఆగిపోయారు. వాళ్లలో రిటైరైన నర్సమ్మగారికి శుక్రవారమే పరీక్ష, అదీ మూడోసారి. చేతిలో ఉన్నదంతా కారుకే పోసిన అత్తకు గేర్‌బాక్స్ వేయించాలంటే ఒకటే దారి, వారంటీ రద్దు చేసి కట్టిన డబ్బంతా వెనక్కి తెచ్చుకోవడం. అందులో పైసా తగ్గినా చాలదు.

"ఇన్ని పుస్తకాలు నమిలావు కదే, ఇదీ నమిలిపెట్టు" అని వారంటీ కాగితాలు నా ఒళ్లో పడేసింది. చీమల బారులాంటి అక్షరాలు, పన్నెండు పేజీలు. పదకొండో పేజీలో నా వేలు ఆగింది. మామూలుగా రద్దు చేసుకుంటే గడిచిన నెలలకు కోత. కానీ అమ్మిన రోజుకే ఆ కారు వారంటీకి తగనిదైతే, మొత్తం వాపసు.

"అత్తా!" అని నేను అరిచిన అరుపుకి నాకే సిగ్గేసింది. అత్త అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

ఒకటో గేరు నుంచి మూడో గేరుకి దూకుతూ, కుదుపులతో షోరూము చేరాం. మేనేజరు ఫైలు తిరగేసి నవ్వాడు. "రద్దు చేస్తాం మేడమ్. ఎనిమిది నెలలు వాడారు కాబట్టి ఆ మేరకు తగ్గించి ఇస్తాం."

"వాడానా? అడిగితే కాదు పొమ్మన్నారుగా సార్! మూత తియ్యనివ్వని డబ్బాలోది నేనెప్పుడు తిన్నాను?"

"కొన్నప్పుడు అది మామూలు కారే. తర్వాత మీరే పెడల్స్ పెట్టించుకున్నారు. దానికి మేమేం చేస్తాం?"

నేను గబగబా మళ్లీ పదకొండో పేజీ తిరగేశాను. అత్త మాత్రం లేచి నిలబడింది. "రండి సార్, మీకో క్లాసు ఫ్రీ."

అందరూ చూస్తుండగా ఆయన్ని బయటికి నడిపించి, తన సీట్లో కూర్చోబెట్టింది. "ఇప్పుడు వంగండి. ఇంకా. బ్రేకు కడ్డీ వెనక ఏముంది?"

ఆయన పొట్ట నొక్కుకుంటూ వంగాడు. డాష్‌బోర్డు కిందినుంచి గొంతు వచ్చింది. "ఏదో రేకు ముక్క."

"దాని మీద ఏముందో చదవండి. గట్టిగా!"

"మా వర్క్‌షాపు పేరు... పదకొండో తారీఖు..."

"నాకు వారంటీ అమ్మింది?"

నేను కాగితం కిటికీలోంచి చాచాను. తారీఖు నేనే చదివాను. "అదే నెల పన్నెండు."

"విన్నారా సార్! ముందురోజు మీ మనుషులే పెడల్స్ బిగించారు. మర్నాడు మీరే, పనికిరాని వారంటీ నాకు అంటగట్టారు. క్లచ్చు మెల్లగా వదలండి, పైకి లేవండి, తల తగులుతుంది."

తగిలింది కూడా. ఆయన తల రుద్దుకుంటూ లోపలికి వెళ్లి వారంటీ కంపెనీకి ఫోను చేశాడు. అద్దాల గదిలో ఆయన పెదవులు కదలడమే కనిపిస్తోంది. ఆయన మనుషులు వచ్చి పెడల్ ఫోటో తీసుకెళ్లారు, మళ్లీ వచ్చి కాగితాల ఫోటో తీసుకెళ్లారు. అత్త నా చెయ్యి పట్టుకుని గేరు మార్చినట్టు అటూ ఇటూ ఊపేస్తోంది.

ఆయన బయటికొచ్చాడు. "మొత్తం ఇచ్చేస్తున్నారు మేడమ్. కోత లేదు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే పంపారు. ఫోన్ చూసుకోండి."

ఫోన్ టింగుమంది. అత్త అంకెను రెండుసార్లు చదివి, మూడోసారి నాచేత చదివించి, షోరూము మధ్యలో "అయ్య బాబోయ్!" అని ఎగిరింది. ఆ ఊపుమీదే వెళ్లి వర్క్‌షాపు కౌంటరులో తాళాలు పెట్టింది. గేర్‌బాక్స్ బుధవారానికల్లా వేసిస్తామన్నారు.

ఇంటికి బస్సులో వచ్చాం. ముందు సీట్లో కూర్చుని అత్త ఒక్కొక్కరికీ ఫోన్లు. "నర్సమ్మగారూ, గురువారం పొద్దున ఆరింటికి సిద్ధంగా ఉండండి! ఏడుస్తారేంటండీ, పరీక్షయ్యాక ఏడుద్దురుగాని!" ఫోన్లో అలా అరుస్తూనే, బస్సు ఆగే ప్రతి చోటా కుడికాలితో నేలను గట్టిగా తొక్కుతోంది. నాలుగో స్టాపు దాటాక బస్సు డ్రైవరు అద్దంలోంచి అన్నాడు, "అక్కా, నా దగ్గరా బ్రేకుంది."