సార్ చూసిన చల్లని మంట

పోయిన మంగళవారం పొద్దున్నే ఫోన్ మోగింది. “సార్ పోయిండు బిడ్డా. చాయ్ తాగిండు, గ్లాసు కింద పెట్టిండు, గంతే,” అంది సార్ భార్య. ఆమెను మేం అమ్మా అనే పిలిచేవాళ్లం. నేను పూణేలో పని ఆపేసి నారాయణఖేడ్‌కు బయల్దేరాను.

అక్కడే ఇంటర్ చదివేటప్పుడు ఆయన మాకు కెమిస్ట్రీ చెప్పారు. సొంతూరు నాగల్‌గిద్ద వైపు. అంతకుముందు హైదరాబాదులో పరిశోధన చేశారు. పెట్రోలు, డీజిల్ లాంటివి భగ్గున మండకముందే, తక్కువ వేడిలోనే గాలితో కలిసి మెల్లగా మారడం మొదలుపెడతాయి. అప్పుడు ఒక్కోసారి లేత నీలి వెలుగు పుడుతుంది. చీకటి గదిలో తప్ప కంటికి ఆనదు. దాన్నే చల్లని మంట అంటారు. సార్ నాలుగేళ్లు దాని వెంటే పడ్డారు. ఒకరోజు పరిశోధన చేయించే పెద్దమనిషి, గాజు పాత్ర లోపల ఒత్తిడి ఇంకా పెంచమన్నాడు. సార్ వద్దన్నారు. ఆయన వినలేదు. చల్లని మంట రెప్పపాటులో అసలు మంటైంది. గాజు పాత్ర పేలి సార్ రెండు కళ్లూ పోయాయి. తప్పంతా సార్‌దేనని కాగితం రాసి ఇంటికి పంపారు. డాక్టరేట్ పట్టా ఇవ్వలేదు.

తర్వాత మా ప్రైవేటు కాలేజీలో చేరారు. రోజూ అమ్మ ఎడమ మోచెయ్యి పట్టుకుని నడిచి వచ్చేవారు. బోర్డు మీద ఎడమచేతి వేలు ఆనించి, దాని వెంబడే చాక్‌పీసు నడిపేవారు. ఒక్క వరస వంకర పోయేది కాదు. “మంట కనవడ్డప్పుడే కాలుడు షురూ అయిందనుకుంటరు. తప్పు. గంతకు ముందే షురూ అయితది,” అనేవారు.

మేం చేసింది కూడా రాయాలి. ఒకనాడు క్లాసు మధ్యలో, చెప్పులు చేత పట్టుకుని, ఒక్కొక్కరమే బయటికి జారుకున్నాం. చివర నేను. బయట కిటికీ దగ్గర నిలబడి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. సార్ ఖాళీ బల్లలకు ఆ నీలి మంట గురించే చెబుతున్నారు.

“సమజైందా?” అని అడిగారు.

కాసేపు ఆగారు. “సమజ్ గాకుంటే మల్ల చెప్త,” అని మొదటినుంచీ మళ్లీ చెప్పారు. గంట కొట్టేదాకా చెప్పారు.

సంగతి యాజమాన్యం దాకా పోయింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పిల్లల్ని అదుపులో పెట్టలేరని సార్‌నే తీసేశారు. ఆయన మళ్లీ ఏ బోర్డు ముందూ నిలబడలేదు.

కిటికీ బయటి నుంచి విన్న ఆ పాఠమే ఇవాళ నాకు బువ్వ పెడుతోంది. నిరుడు ధైర్యం చేసి సార్ ఇంటికి వెళ్లాను. పూణేలో మా దగ్గర డీజిల్‌ను ముందు చల్లని మంటతో ఆవిరి చేస్తామని, మసి పట్టదని, ఆ ఆవిరి నుంచి హైడ్రోజన్ తీస్తామని చెప్పాను. ఆయన ముఖం నా వైపు తిప్పారు.

“నీలిగనే ఉన్నదా?”

“నీలిగనే ఉన్నది సార్.”

“ఒత్తిడి ఎవలు చూస్తరు?”

“నేనే.”

“ఎవలన్న పెంచుమంటే?”

“పెంచను సార్.”

తల ఊపారు. అప్పుడు చెప్పేశాను. “సార్, ఆ రోజు క్లాసులకెల్లి బయటికి ఆఖర్న పోయింది నేనే.”

“ఎరుకే. నీ పట్టీలు మోగినయి,” అన్నారు. “ఒక్కలన్న సిగ్గువడి తిరిగొస్తరేమోనని మల్ల చెప్పిన. ఎవ్వలు రాలే.”

“తప్పైంది సార్.”

“అయింది.”

అంతే. మాఫ్ చేసిన అనలేదు. అమ్మ తెచ్చిన చాయ్ తాగి పొమ్మన్నారు. నేను తాగలేకపోయాను.

మట్టి ఇచ్చే రోజు కాలేజీవాళ్లు చర్చి గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. సార్ పేరుకు ముందు పెద్ద అక్షరాలతో ‘డాక్టర్’ అని ఉంది. అమ్మ దాని ముందు ఆగి చదివింది.

“ఇయ్యాల ఇచ్చిన్రా,” అంది. “ఇగ ఎవలికి చూపియ్యాలె?”

చర్చి వెనక శ్మశానంలో ప్రార్థన అయ్యాక అందరం గుప్పెడు మట్టి వేసి తిరిగొచ్చాం. అమ్మ నా ముందు నడుస్తోంది. బాటలో ఒక రాయి అడ్డం వచ్చింది. ఆమె అడుగు నెమ్మది చేసి, “పైలం, రాయున్నది,” అంది. ఎడమ మోచెయ్యి కొంచెం పక్కకు జరిపి, ఎవరో పట్టుకుంటారన్నట్టు అలాగే నిలబడింది.