అన్నయ్య దీక్ష, నా విటమిన్ బిళ్ళలు

మా అన్నయ్య తాగుతాడని మేమెవరమూ అనేవాళ్ళం కాదు. "గరాజ్‌లో ఉన్నాడు" అనేవాళ్ళం. గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసినా అదే జవాబు, స్నేహితులు వచ్చినా అదే. న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ నగరంలోని మౌంట్ రాస్కిల్‌లో అన్నయ్యా వదినా అద్దెకున్న ఇంటి గరాజ్‌లో కారు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. వాషింగ్ మెషీన్, పాత సూట్‌కేసులు, ఒక మడత కుర్చీ, మెషీన్ మీద వైన్ పెట్టె. ఆ అట్టపెట్టెకి చిన్న కుళాయి ఉంటుంది, తిప్పితే గ్లాసులోకి దిగుతుంది. సీసా అయితే ఎంత తగ్గిందో కంటికి కనిపిస్తుంది. అట్టపెట్టెలో ఎంత మిగిలిందో ఎవరికి తెలుస్తుంది? పైగా అది విస్కీ కాదు, బ్రాందీ కాదు. "వైనేగా" అనేది మొదట్లో వదిన కూడా.

ఇరవయ్యొకటో శతాబ్దం మొదలై అయిదారేళ్ళయిన రోజులవి. నేను అదే నగరంలో, న్యూ లిన్‌లో విటమిన్లు అమ్మే ఒక షాపులో కౌంటర్ దగ్గర పనిచేసేదాన్ని. ఊళ్ళో చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ, ఇక్కడ చేసేది అరల్లో సీసాలు సర్దడం. మనవాళ్ళకి ఆ తేడా పట్టదు. నన్ను సగం డాక్టర్ని చేసేశారు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా మోకాళ్ళ నొప్పుల అంకుల్ ఒకరు, జుట్టు రాలిపోయే ఆంటీ ఒకరు నన్ను పక్కకి లాగేవారు. అబద్ధమెందుకు, నాకది చాలా బాగుండేది. తెలియదు అనే మాట నా నోటివెంట వచ్చేది కాదు.

ఆ ఏడాది చలికాలం దాటేసరికి అన్నయ్య తాగుడు సాయంత్రం నుంచి పొద్దుటికి జరిగింది. ఆఫీసుకి బయల్దేరే ముందు వాషింగ్ మెషీన్ దగ్గర కాఫీ కప్పుతో నిలబడితే, కాఫీయే అనుకుంది వదిన. ఒకరోజు కప్పు కడగబోయి వాసన చూసింది. ఆ కప్పులోది లోపలికి పోకపోతే అతని చేతులు చొక్కా బొత్తాలు పెట్టుకోలేవని అప్పుడే తెలిసింది. నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఏడుపు ఆగాక, అప్పటికే తేల్చుకున్న సంగతి చెప్పింది.

"కార్తీకం వస్తోందిగా. అయ్యప్ప మాల వేయిస్తాను. నలభై ఒక్క రోజులు ముట్టుకోకపోతే అలవాటు అదే పోతుంది."

నాకూ సబబుగానే తోచింది. మా వీధిలో మాల వేసుకుని తాగుడు మానినవాళ్ళని చిన్నప్పుడు చూశాను. మాల తీసిన సాయంత్రమే మళ్ళీ సారాకొట్టు ముందు తేలినవాళ్ళనీ చూశాను, కాని మనకి కావలసినదే గుర్తుకొస్తుంది కదా. ఎందుకైనా మంచిదని, "డాక్టర్‌కి ఒకసారి చూపిద్దామా వదినా?" అన్నాను.

"ఇక్కడ ఉండిపోవడానికి పెట్టిన రెసిడెన్సీ పేపర్లు ఇమిగ్రేషన్ ఆఫీసులో ఉన్నాయమ్మా. తాగుబోతని డాక్టర్ ఎక్కడన్నా రాశాడనుకో, ఇంక మూటాముల్లే సర్దుకోవడమే."

డాక్టర్ ఎక్కడ రాస్తాడో, రాస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలియదు. తెలిసినవాళ్ళని అడగనూ లేదు. అడిగితే సంగతి బయటపడుతుందని భయం.

అన్నయ్య మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. "నాకూ విసుగొచ్చేసిందే" అన్నాడు నాతో, నేల చూపులు చూస్తూ. "మానేయాలనే ఉంది. పొద్దున్నే ఈ ఒణుకొకటి చంపేస్తోంది. దానికేమన్నా ఉంటే చూడు."

దానికేమన్నా ఉంటే చూడమన్నాడు. అంతే, నా తెలివంతా బయటికి తీశాను. బాగా తాగేవాళ్ళకి బీ వన్ విటమిన్ తగ్గిపోతుందని, మెగ్నీషియం కూడా తగ్గుతుందని షాపులో ఉన్న పుస్తకాల్లో చదివాను. మా యజమానురాలు అరవై దాటిన కివీ, ఈ దేశపు తెల్లమనిషి. ఎవరో కస్టమర్ సంగతి అన్నట్టుగా ఆమెని అడిగాను. ఆమె చేస్తున్న పని ఆపి నావైపు తిరిగింది.

"రోజూ తాగే మనిషా? ఎన్నేళ్ళ నుంచి?"

"నాకు తెలియదు" అన్నాను.

"రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపకూడదు. ప్రాణం మీదికి వస్తుంది. ముందు డాక్టర్, మన సీసాలు ఆ తర్వాత. ఆ మాట చెప్పకుండా ఏదీ అమ్మొద్దు."

అలాగేనని తలూపాను. భోజనాల వేళ బీ వన్, మెగ్నీషియం, బీ కాంప్లెక్స్, మూడు సీసాలూ కొని బ్యాగులో వేసుకున్నాను. ఆమె చెప్పింది తెల్లవాళ్ళ సంగతి అని, పొద్దస్తమానం పబ్‌లో కూర్చునేవాళ్ళ సంగతి అని నాకు నేనే చెప్పుకున్నాను. మా అన్నయ్య ఉద్యోగస్తుడు. గరాజ్‌లో వైన్ తాగే మనిషి. ఇవాళ తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాలకి ముందురోజు సాయంత్రం వంటింట్లో బల్ల చుట్టూ కూర్చుని ఆ సీసాల మీద పెద్ద చర్చ చేశాం. ప్రాణం గురించి కాదు. మెగ్నీషియం క్యాప్సూల్ గొట్టాలు జెలటిన్‌తో చేస్తారని వదిన ఎక్కడో వింది. జెలటిన్ అంటే ఎముకల నుంచి తీసేది. మాలలో ఉన్న స్వామి అది మింగితే దీక్ష ఏం కాను? గొట్టం విప్పి పొడి తేనెలో కలిపితే దోషం ఉండదా, ఉంటుందా? గంటసేపు తర్జనభర్జన పడ్డాం. చివరికి నేను మళ్ళీ షాపుకి పరిగెత్తి, శాకాహారులు వేసుకునే బిళ్ళలు తెచ్చాను. అన్నయ్య ఆ గంటసేపూ గరాజ్‌లోనే ఉన్నాడు. రేపటినుంచి ఎలాగూ లేదు కదా అని ఎవరమూ ఏమీ అనలేదు.

ఆదివారం పొద్దున గురుస్వామి ఇంట్లో మాల వేశారు. ఆయన బ్యాంకులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పెద్దమనిషి, ఏటా పదిమందికి పైగా ఆయన చేతిమీదే మాల వేసుకునేవారు. నల్లబట్టలు, నుదుట గంధం. అన్నయ్య నిజంగా కొత్త మనిషిలా కనిపించాడు. మెడ వంచినప్పుడు అతని చేతులు వణుకుతుంటే గురుస్వామి, "చన్నీళ్ళ స్నానం కదా స్వామీ, రెండ్రోజుల్లో అలవాటైపోద్ది" అని నవ్వాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ రెండు మూడు రోజులూ అదే తంతు. ఒంట్లో ఏం జరిగినా మా దగ్గర ఒక పుణ్యమైన కారణం సిద్ధంగా ఉండేది. ఒళ్ళంతా చెమట పడితే, ఎండలు ముదురుతున్నాయి కదా అన్నాం. నిద్ర పట్టకపోతే, నేలమీద చాప కదా. అన్నం సహించకపోతే, ఒంటిపూట భిక్షకి కడుపు అలవాటు పడుతోంది. గుండె దడదడలాడుతోందంటే, అది భక్తి అనలేదు గాని, అన్నంత పని చేశాం. సోమవారం మధ్యాహ్నం వదిన షాపుకి ఫోన్ చేసి సంబరంగా చెప్పింది.

"స్వామికి మూత్రం పసుపు నీళ్ళలా వస్తోందమ్మా. లోపలి విషమంతా దిగిపోతున్నట్టుంది!"

అది నేను ఇచ్చిన బీ కాంప్లెక్స్ రంగు. ఎవరు వేసుకున్నా అలాగే వస్తుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. చెప్పలేదు. పైపెచ్చు, "ఒణుకు తగ్గకపోతే మెగ్నీషియం ఇంకొకటి వెయ్యండి, ఏం కాదు" అన్నాను. మా యజమానురాలు నాలుగడుగుల దూరంలో పెట్టెలు విప్పుతోంది. ఫోన్ పెట్టేశాక ఆమె ముఖం చూడలేకపోయాను. ఏదో పాడు శంక మొదలైంది. దాన్ని నోరెత్తనివ్వలేదు.

మంగళవారం సాయంత్రం వాళ్ళింట్లో పూజ పెట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి ఇంకా బాగా వెలుగుంది. ముందుగదిలో సోఫాలు గోడకి జరిపి, దుప్పట్లు పరిచి, మాల వేసుకున్న ఆరేడుగురు కూర్చున్నారు. అన్నయ్య పటం పక్కన ఉన్నాడు. రెండు రోజుల్లో ముఖం పీక్కుపోయింది. పెదాలు కదులుతున్నాయి గాని భజన మాటలకి కాదు.

భజన మధ్యలో ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. కిటికీ పక్క మూలకి చూస్తూ రెండు చేతులూ జోడించాడు.

"వచ్చారు" అన్నాడు. "స్వామి వచ్చారు. జరగండి, జరగండి, కూర్చోనివ్వండి."

వెంటనే ఎవరో శరణుఘోష ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. గోడలు అదిరిపోయాయి. ఒక ఆంటీ కళ్ళనీళ్ళు పెట్టుకుని అన్నయ్య కాళ్ళకి దణ్ణం పెట్టింది. వదిన ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళు గరాజ్‌లో ఉన్నాడని జనానికి సర్దిచెప్పిన మనిషి ఆమె. నిజం చెప్పాలంటే నా ఒళ్ళు కూడా జలదరించింది. నేను కూడా చేతులు జోడించాను.

అన్నయ్య చూపు మూలనుంచి కిందికి జారింది. గోడ వెంబడి, దుప్పటి మీదుగా, తన కాళ్ళ దాకా వచ్చింది. నల్ల పంచె మీంచి వేళ్ళతో ఏదో గిల్లి పారేయడం మొదలుపెట్టాడు. మళ్ళీ గిల్లాడు, మళ్ళీ పారేశాడు. నన్ను చూసి విసుగ్గా, "అలా చూస్తావేంటే, చీమలు దులుపు" అన్నాడు. అక్కడ చీమలు లేవు. మా యజమానురాలి మాట అప్పుడు నా చెవిలో గట్టిగా వినిపించింది.

ఫోన్ బయట నడవాలో ఉంది. నేను రిసీవర్ ఎత్తేసరికి వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నావ్?"

"అంబులెన్స్ పిలుస్తున్నాను."

"నీకు మతిపోయిందా? స్వామి ఒంటిమీదికొస్తే ఆస్పత్రా? ఒంటిమీద మాలుంది. ఇంతమందిలో మన పరువు..."

"అది స్వామి కాదు వదినా! తాగుడు ఆపేసినందుకు వచ్చింది! నాకు ముందే చెప్పారు! తెలిసే ఇచ్చాను ఆ బిళ్ళలు!"

నేను అరిచిన అరుపుకి భజన ఆగిపోయింది. ఇంతకాలం ఎవరమూ అనని మాట గదినిండా వినపడింది. గురుస్వామి లేచి మా దగ్గరికి వచ్చాడు. చివాట్లు పెడతాడనుకున్నాను. ఆయన వదినని అడిగాడు, చాలా నెమ్మదిగా.

"రోజూ తాగేవాడా అమ్మా?"

వదిన తలూపింది.

"ఎప్పుడాపాడు?"

"శనివారం."

ఆయన ముఖం పాలిపోయింది. "నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయారా" అన్నాడు. లోపలికి వెళ్ళి, అన్నయ్య మెడలోంచి మాల ఆయనే తీశాడు. "దోషం ఉంటే నాకే ఉండనీండి. ఫోన్ చెయ్యమ్మా."

అంబులెన్స్ వీధి మలుపు తిరుగుతుండగా అన్నయ్య బిగుసుకుపోయి వెనక్కి పడ్డాడు. తల దీపపు కుందికి తగలకుండా ఒక స్వామి పట్టుకున్నాడు. అతని నోటి నురగ, మడమలు నేలకి కొట్టుకుంటున్న చప్పుడు, వాటి గురించి ఇంతకంటే రాయలేను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మందుల వివరాలు అడిగితే సీసాలు తీసి బల్లమీద పెట్టాను. ఎవరిచ్చారంది. నేనే అన్నాను. తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండనిపించింది కూడా.

"బిళ్ళలు తప్పు కాదు" అంది ఆమె. "బీ వన్ ఇతనికి కావాలి. కాని బిళ్ళలోది ఇలాంటి ఒంటికి పట్టేది తక్కువ, అందుకే మేం నరంలోకి ఎక్కిస్తున్నాం. ఈ ఫిట్స్‌ని ఆపేది మాత్రం విటమిన్ కాదు. దానికి వేరే మందులున్నాయి, పక్కన కనిపెట్టి ఉండి ఇవ్వాలి. ముందే తీసుకొస్తే ఇంత దూరం వచ్చేది కాదు."

అన్నయ్య బతికాడు. మాటలో తడబాటు తగ్గింది, నడిచేటప్పుడు కాళ్ళు ఎడంగా వేయడం మిగిలింది. చెప్పిన సంగతే మళ్ళీ చెప్పేవాడు. పంపించే ముందు డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఇలా ఉన్నపళంగా ఆపొద్దని, ఈసారి ఇంతకంటే గట్టిగా రావచ్చని చెప్పింది. మానడానికి సాయం చేసేవాళ్ళ దగ్గరికి వారం వారం వెళ్ళమంది. బీ వన్ మాత్రం ఏమైనా మానొద్దంది. "తాగితే మరీ అవసరం. లేకపోతే జ్ఞాపకాలు పోతాయి, ఇంక తిరిగి రావు."

రెసిడెన్సీ వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు.

వారం వారం వెళ్ళడం మూడు వారాలు సాగింది. ఆ తర్వాత ఫిబ్రవరిలో ఒక శనివారం వాళ్ళింటికి వెళ్తే, వదిన తలుపు తీసి నా ముఖంలోకి చూడకుండా, "గరాజ్‌లో ఉన్నాడు" అంది.

మడత కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి గ్లాసు దాచలేదు.

"బిళ్ళల సీసా తెచ్చావా? నిన్ననే అయిపోయింది" అన్నాడు.

"సిగ్గులేదూ నీకు? చావు దాకా వెళ్ళొచ్చావు!"

"అరవకే. అందుకేగా బీ వన్ రోజూ తప్పకుండా వేసుకుంటున్నాను. అదుంటే బుర్రకేం కాదన్నారుగా."

అలా అనలేదు ఎవరూ. అయినా ఏమని చెప్పను? నా బ్యాగులో సీసా ఉంది. ఇస్తే తాగమని నేనే ధైర్యం ఇచ్చినట్టు. ఇవ్వకపోతే, ఈ తాగుడు తాగుతూ, రేపో మాపో నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అంటాడు. డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఇందుకు మందు లేదు. సీసా తీసి మూత విప్పాను.

అరచేతిలో ఒక బిళ్ళ పెట్టాను. నోట్లో వేసుకుని, గ్లాసులోది ఒక గుక్క తాగి మింగాడు. నేను అక్కడే నిలబడి, అది గొంతు దిగేదాకా చూశాను.