మేడం ఒప్పుకోని హెడ్డింగు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, జేబులో పత్రికవాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు, కింద ఎవరో వాడి వదిలేసిన మోటారు సైకిలు. ఈ మూడూ కలిస్తే మనిషికి ఎంత జ్ఞానం వచ్చేసినట్టుంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో నేను ప్రొద్దుటూరులో ఒక చిన్న దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ణి. మా ఆఫీసు పెద్దను అందరం డెస్కు మామ అనేవాళ్ళం. ఎండాకాలం వస్తే చాలు, మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన నోట ఒకటే మాట: "ఏమప్పా, ఎండ వార్త యాడ?" నా దగ్గర గోడకు తగిలించుకునే థర్మామీటరు ఒకటి ఉండేది. దాన్ని తీసుకెళ్ళి బస్టాండులో ఎండకు కాగుతున్న సిమెంటు బల్ల మీద పెట్టి, పక్కనే నీడలో టీ తాగి, తిరిగొచ్చి అంకె రాసుకునేవాణ్ణి. ఒక రోజు అది యాభైకి ఒక్క గీత తక్కువలో ఆగింది. ఫోన్ చేసి చెప్తే డెస్కు మామ, "ఆ ఒక్క గీతకు మొగమాటమేంది? యాభై అని రాయి" అన్నాడు. రాశాను. మర్నాడు జిల్లా పేజీలో అదే పెద్ద వార్త.

దాన్ని చూసి వారం తిరక్కుండా ఒక టీవీ ఛానల్‌వాళ్ళు వచ్చారు. ప్రొద్దుటూరు రోడ్డు మీద ఆమ్లెట్ వేసి చూపించాలట. తారు మీద గుడ్డు కొట్టారు. అరగంట కాచుకున్నా గుడ్డు గుడ్డులాగే ఉంది. కెమెరా పట్టుకున్నతను నా వైపు దీనంగా చూశాడు. ఊరి పరువు నా చేతిలో పడిందనిపించి, ఎదురుగా ఉన్న హోటలుకు పరిగెత్తి వేడివేడి ఆమ్లెట్ ఒకటి తెచ్చి రోడ్డు మీద పరిచాను (ఉల్లిపాయలు వద్దని చెప్పి మరీ వేయించాను, రోడ్డు మీద ఉల్లిపాయలెక్కడివని ఎవరైనా అడిగితే?). ఆ సాయంత్రం రాష్ట్రమంతా దాన్ని చూసింది. మా అమ్మ కూడా చూసి, "రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడవద్దు నాయనా" అంది. నేను మాత్రం అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చేశాను. భూమి వేడెక్కుతోంది, వానలు మారిపోతున్నాయి అని చెప్పేవాళ్ళంతా ఎక్కడో ఒక హోటలు నుంచి ఆమ్లెట్ తెచ్చుకున్నవాళ్ళేనని. నేనాడిన అబద్ధంతో లోకమంతటినీ కొలిచానని అప్పట్లో తోచలేదు.

ఆ ఏడు వానాకాలం చివర్లో జమ్మలమడుగులో రైతుల సమావేశం పెట్టారు. పంటల మీద పరిశోధన చేసే ఒక మేడం పులివెందుల నుంచి వచ్చింది. సన్నగా, కళ్ళజోడుతో, కోస్తా మాట తీరుతో ఉంది. "ఈశాన్య రుతుపవనాల తొలి వాన పడగానే శనగ విత్తకండి. ఈ మధ్య వానాకాలం పోయినా ఎండ తగ్గడం లేదు. నేల చల్లబడేదాకా ఆగండి" అని చెప్పింది. నేను లేచి, "రేపు వాన పడుతుందో లేదో చెప్పలేరు గదా మేడం, యాభై ఏళ్ళకు ఎంత ఎండ కాస్తుందో ఎట్ల చెప్తారు?" అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు నాకు ఎంత నచ్చిందంటే, దాన్ని మోసుకుని అలాగే బయటికొచ్చి బండెక్కాను. వార్త పంపే వేళవుతోందని నాకు నేను చెప్పుకున్నాను. 'చల్లని గదిలో వేడి కబుర్లు' అని శీర్షిక పెట్టి, ఆమెను రెండు కాలమ్‌ల వార్తలో ఉతికి ఆరేశాను.

మా మేనమామది పెద్దముడియం దగ్గర పల్లె. నల్లరేగడి చేను, దాని మీదే సంసారం. చదివింది ఐదో తరగతే అయినా నేను రాసిన ప్రతి ముక్కా కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచేవాడు. తొలి వాన పడిన రోజు ఫోన్ చేశాడు. "నేల తడిసి విత్తేదానికి పదునైంది అల్లుడా. అందరూ ఆగుతాండారు. ఆయమ్మేమో వద్దనిందంట. ఏమంటావు?"

"నువ్వు విత్తు మామా. వాళ్ళ మాటలు నాకు తెలీవా?" అన్నాను.

విత్తాడు. మొలక శానా బాగొచ్చిందని మళ్ళీ ఫోన్ చేసి మురిసిపోయాడు. ఎండ మాత్రం తగ్గలేదు. ఇరవై రోజులు దాటాక మూడోసారి ఫోన్ వచ్చింది. ఈసారి అత్త. "ఒకసారి రా నాయనా. మీ మామ అన్నం సరిగా తింటల్యా" అంది, అంతే. వెళ్ళేసరికి చేలో అక్కడక్కడా చాపలు పరిచినట్టు పచ్చదనం పోయి, మొక్కలు తలలు వాల్చేసి ఉన్నాయి. మామ నాలుగు మొక్కలు వేళ్ళతో సహా పీకి తడిగుడ్డలో చుట్టి, "పులివెందులకు పోదాం పా. ఆయమ్మకు చూపిద్దాం" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన్ను బండి వెనక ఎక్కించుకుని బయల్దేరాను.

మేడం ఒక మొక్క కాండాన్ని బ్లేడుతో నిలువునా చీల్చింది. లోపల నల్లగా ఒక చార. "ఎండు తెగులు. నేల వేడి తగ్గకముందే విత్తినట్టున్నారే?" అంది.

మామ నా వైపు చూడకుండా, "తొందరపడినానమ్మా. తప్పు నాదే" అన్నాడు.

 "కాదు మేడం, నేనే విత్తమన్నాను" అన్నాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని చూసింది. "మీరు ఆ రోజు ప్రశ్న అడిగిన విలేకరి కదూ? జవాబు చెబుదామని చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది."

ఇప్పుడు చెప్పమన్నాను. "వచ్చే వైశాఖంలో ఫలానా రోజు ఎంత ఎండ కాస్తుందో నాకు తెలీదు. కానీ మార్గశిరం కంటే వైశాఖంలో ఎక్కువ కాస్తుందని చెప్పగలను కదా?"

"అది నేను గూడా చెప్తా" అన్నాడు మామ.

"చూశారా, మీరూ చెప్పగలరు. ఒక్క రోజు సంగతి వేరు, చాలా ఏళ్ళు కలిపి చూసే సంగతి వేరు" అంటూ ఆమె మమ్మల్ని ఆవరణలోకి తీసుకెళ్ళింది. అక్కడ కాళ్ళ మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె ఒకటి ఉంది (వచ్చేటప్పుడు చూసి పావురాల గూడనుకున్నాను). థర్మామీటరు అందులో, గాలి ఆడే నీడలో ఉంటుందట. "ఆ యాభై డిగ్రీలు మీ పత్రికలోనే కదా వచ్చింది? ఎక్కడ పెట్టి కొలిచారు?" అని అడిగింది. బస్టాండు బల్ల మీద అన్నాను. ఆమె నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత నవ్వు ఆపి, "అది బల్ల వేడి నాయనా, ఊరి వేడి కాదు. మీరలా రాస్తే, మేం సరిగ్గా కొలిచి చెప్పేది కూడా జనం నమ్మరు. మొట్టమొదట నమ్మనిది మీరే" అంది.

పాపం కడుక్కోవాలన్న తొందరలో నోటుపుస్తకం తీశాను. "మేడం, 'వాతావరణ మార్పుకు బలైన శనగ చేను' అని హెడ్డింగు పెట్టి రేపే రాస్తా."

"వద్దు" అందామె. "ఈ చేను తొందరగా విత్తినందుకు దెబ్బతింది. ఈ ఏడు ఎండ ఎందుకు నిలిచిందో ఈ ఒక్క ఏడునే చూసి నేను చెప్పలేను. చాలా ఏళ్ళ లెక్కలు కలిపి చూస్తే వేడి పెరుగుతున్న మాట మాత్రం నిజం. రాస్తే రెండూ రాయండి. ఒకటి వదిలేస్తే మళ్ళీ అబద్ధమే."

రెండూ రాశాను. నా థర్మామీటరు సంగతీ, ఆమెను ఎగతాళి చేసిన సంగతీ రాశాను. డెస్కు మామ చదివి, "చెప్పలేను అనేది వార్త ఎట్లయితాదప్పా?" అని తల పట్టుకున్నాడు. చివరికి ఒక బట్టల షాపు ప్రకటన కింద నాలుగు లైన్లుగా వచ్చింది. మా మేనమామ దాన్ని కూడా కత్తిరించి దాచాడట. శనగ మొక్కలు చచ్చిపోయిన చోటల్లా మేడం చెప్పినట్టు జొన్న చల్లాడు. ఆ ఏడు పశువులకు మేతైతే దక్కింది.

ఇప్పుడు నేను పులివెందులలోనే విలేకరిగా పని చేస్తున్నాను. మొన్న తొలి వాన పడిన మర్నాడు మామ ఫోన్ చేశాడు. "వాన బాగా పడింది అల్లుడా" అన్నాడు. ఇన్నేళ్ళలో నేనెంత మారానో ఆయనకు తెలియాలని గొంతు సవరించుకుని, శానా గంభీరంగా, "విత్తొచ్చో లేదో నాకు తెలీదు మామా" అన్నాను.

"నిన్నెవరు అడిగిరప్పా?" అన్నాడాయన. "పొద్దున్నే మేడంకు ఫోన్ చేసినా. ఆగమనింది. మీ అత్త అలసంద వడలు చేస్తాంది, ఆదివారం వస్తావేమో అని నీకు ఫోన్ చేసినా."

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. తెలీదని చెప్పడం నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. దాన్ని కూడా ఎవరో అడిగినట్టే చెప్పాను.